కోహిమా కొండమీది పేర్లు

నా చిన్ననాట మా వీధిలో నొక వృద్ధుడుండెడివాడు. ఆయన యసలు పేరు పిల్లలకు తెలియదు. అందరును ఆయనను ‘రంగం తాత’ యని పిలిచెడివారు. మన తీరప్రాంతమువారు రంగూను పట్టణమును, దానితోపాటు బర్మాదేశమును ‘రంగము’ అనుట మీలో ననేకు లెరిగినదే. కూలికొరకును, వర్తకముకొరకును ఓడ నెక్కి రంగము పోయిన తెలుగువారు వేలకు వేలు. ఈ తాతయు, ఆయన తమ్ముడును ఆ రేవులో బస్తాలు మోసి బ్రతికిరి. 1941వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన జపానువారి విమానములు రంగూనుపై బాంబులు కురిపించెను. పిమ్మట ఓడలో చోటు దొరకక అన్నదమ్ములిరువురును కాలినడకను స్వదేశమునకు బయలుదేరిరి. అన్న యిల్లు చేరెను. తమ్ముడు చేరలేదు. త్రోవలో నేదో కొండదగ్గర జ్వరముతో పడిపోయెను.

అది యే తిథియో, యే వారమో, ఆ కొండ పేరేమో తాతకు తెలియదు. మృతతిథి తెలియనివారికి మహాలయ అమావాస్యనాడు పితృకార్యము జరుపవలెనని మన పెద్దల నిర్ణయము గదా! పౌరోహిత్యము చేయుచుండిన మా తండ్రిగారి యొద్దకు ఆయన యేటేట ఆ దినమున వచ్చి, తమ్ముని పేరు చెప్పి, నువ్వులును నీళ్లును విడిచెడివాడు. “పేరు చెప్పగలను గాని పంతులుగారూ, వాడు పడిన చోటు చెప్పలేను” అని ప్రతి సంవత్సరమును అదే మాట అనెడివాడు.

ఉద్యోగవిరమణానంతరము నేను ఆ త్రోవలోని కోహిమా పట్టణమును చూచి వచ్చితిని. అచ్చట నొక కొండవాలున యుద్ధమృతుల శ్మశానవాటిక కలదు. 1944వ సంవత్సరమున ఆ కొండమీద జరిగిన యుద్ధమును గూర్చియు, అచ్చట చెక్కబడిన పేర్లను గూర్చియు నేడు మీకు విన్నవింతును.

కోహిమా నేడు నాగాలాండు రాష్ట్రమునకు రాజధాని. ఆ రాష్ట్రము 1963లో ఏర్పడినది. యుద్ధకాలమున ఆ యూరు అస్సాము ప్రభుత్వము క్రిందనున్న నాగాకొండల జిల్లాకు ముఖ్యస్థానము. సముద్రమట్టమునకు సుమారు 4,700 అడుగుల యెత్తున నున్నది. దానికి 46 మైళ్ల దూరమున, కొండల క్రింద, దిమాపురము కలదు. అచ్చట రైలుస్టేషనును, సైన్యమునకు వలసిన తిండి, మందుగుండు మొదలగువాని నిలువలును ఉండెను. కోహిమాకు దక్షిణమున మణిపుర రాజధానియగు ఇంఫాలు. ఇంఫాలునుండి పాలేలు, తామూ గ్రామముల మీదుగా పోయినచో బర్మా. దిమాపురమునుండి ఇంఫాలునకు పోవు బాట కోహిమా మీదుగానే పోవలెను. పెద్ద చెరువునకు తూమెట్టిదో, ఆ కొండల సీమకు కోహిమా యట్టిది. తూము నెవడు పట్టునో, నీరు వానిచేతిలో నుండును.

1942 మార్చి 8వ తేదీన రంగూను జపానువారి వశమయ్యెను. ఆ సంవత్సరము మే మాసము ముగియునప్పటికి బ్రిటిషు సేనలు బర్మాను విడిచి ఇండియాలోనికి వచ్చిపడెను. సేనలకంటె ముందుగను, సేనలతోడను, లక్షలకొలది భారతీయ ప్రజలు కట్టుబట్టలతో నడచివచ్చిరి. ఆకలిచేతను, కలరాచేతను, మలేరియాచేతను వారిలో వేలకొలది జనము దారిలోనే కూలిరి. ఆ యేప్రిలు 6వ తేదీననే విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను జపాను విమానములు బాంబులు వేసెను. తీరమునందలి జనులు పిల్లలను చంకబెట్టుకొని లోపలి గ్రామములకు పరుగిడిరి. ఈశాన్యపుకొండలలోని యుద్ధము మనకు సంబంధించినది కాదని తలంచువారు ఈ సంగతి స్మరింపవలెను.

రెండేండ్లు గడచెను. 1944 మార్చి మాసమున జపానువారి పదునైదవ సైన్యము ఇండియామీదికి కదలెను. దాని నాయకుడు లెఫ్టినెంటు జనరలు ముతాగుచి. ఆయన మూడు డివిజనులను నడపెను. రెండు డివిజనులు ఇంఫాలును చుట్టుముట్టవలెను. జనరలు సాతో నాయకత్వము క్రిందనున్న ముప్పదియొకటవ డివిజను, అనగా సుమారు పదునైదువేలమంది, కోహిమాను పట్టి బాట తెంపవలెను. సుభాసు చంద్ర బోసుగారి ఆజాదు హిందు సైనికులును ఈ దండయాత్రలో పాల్గొనిరి. స్వదేశమును విడిపింపవచ్చితిమని వారి విశ్వాసము. ఎదుటిపక్షమున నున్నవారిలోను అధికసంఖ్యాకులు భారతీయులే. ఒకే తల్లి బిడ్డలు ఒకే కొండకు ఇరువైపుల నిలిచిరి.

ముతాగుచి సాహసి. కాని యాయన లెక్కలో నొక పెద్ద లోపముండెను. సైనికుల వీపున మూడువారములకు సరిపడు తిండి మాత్రమే కట్టించెను. వేలకొలది పశువులను వెంట తోలించెను. అవి బరువు మోయును, తరువాత ఆహారమగును అని యెంచెను. కాని వానిలో ననేకములు చిండ్విన్ నదిలో కొట్టుకొనిపోయెను, లోయలలో జారిపడెను, మేత లేక చచ్చెను. మూడువారములలో ఇంఫాలు చిక్కును, అచ్చటి బ్రిటిషువారి గిడ్డంగులనుండి తినవచ్చును అని ఆయన యాశ. పొరుగువాని గాదె చూచుకొని యెసరు పెట్టుట యిట్టిదే.

మార్చి 15వ తేదీ రాత్రి సాతో సేన చిండ్విన్ నదిని దాటెను. దారిలో జెస్సామీ యను నాగా గ్రామమున అస్సాము రెజిమెంటువారు అడ్డగించిరి. 1941లో ఏర్పడిన ఆ రెజిమెంటునకు ఇదియే తొలి పెద్దయుద్ధము. సాంగ్‌షాకు గ్రామమున పారాచూటు దళమువారు, వారిలో గూర్ఖాలు ననేకులు, మార్చి 26వ తేదీవరకు నిలిచి పోరాడి మిక్కిలి నష్టపడిరి. అచ్చట గడచిన ఆ కొలది దినములే తరువాత కోహిమాను కాపాడెను.

ఏప్రిలు 4వ తేదీన కోహిమాపై తొలి దెబ్బ పడెను. ఊరిలో సుమారు 2,500 మంది యుండిరి. వారిలో వేయిమందివరకు ఆయుధము పట్టనివారు, అనగా వంటవారు, గుమాస్తాలు, బండ్లు నడుపువారు మొదలగువారు. కర్నలు రిచర్డ్సు అధిపతి. ఏప్రిలు 5వ తేదీన రాయలు వెస్టు కెంటు పటాలమువారు వచ్చి చేరిరి. అంతలో దారి మూతపడెను. సహాయము వచ్చు బ్రిగేడు రెండుమైళ్ల దూరమున జోత్సోమా కొండమీదనే చిక్కుపడెను. అది అక్కడినుండియే ఫిరంగులు కాల్చి ముట్టడిలోనున్నవారికి తోడ్పడెను.

పిమ్మట రెండువారములు జరిగినది వినుటకే కష్టము. రక్షకుల చేతిలోని భూమి దినదినము కుంచించుకొనిపోయి, చివరకు గారిజను హిల్లు అనబడు ఒక్క కొండ మిగిలెను. నీటి గొట్టములు శత్రువుల చేజిక్కెను. కొండప్రక్కనున్న చిన్న ఊటనుండి చీకటిలో ప్రాకుచు పోయి నీరు తెచ్చుకొనిరి. గాయపడినవారిని గోతులలో పడుకొనబెట్టిరి. చికిత్స పొందుచున్నవారు మరల గుండ్లు తగిలి చచ్చిరి. విమానములు పారాచూటులతో జారవిడిచిన నీళ్లు, మందులు కొన్ని వీరికి, కొన్ని శత్రువులకు దక్కెను. జిల్లాకు డిప్యూటీ కమీషనరైన చార్లెసు పాజీ ఊరు విడిచిపోవుటకు వీలుండియు పోక, ముట్టడి ముగియువరకు నాగాప్రజల నడుమనే యుండెను.

ఆయన బంగళాముందు టెన్నిసు ఆటస్థలము కలదు. దానికొకవైపు వీరు, వేరొకవైపు వారు గోతులు త్రవ్వుకొని కూర్చుండిరి. నడుమ నున్నది మన యింటి ముంగిటి కళ్లమంత స్థలము. పూర్వము బంతి యెగిరినచోట ఇప్పుడు చేతిబాంబు లెగిరెను. ఏప్రిలు 9వ తేదీన జాన్ హార్మన్ అను లాన్సుకార్పొరలు ఒంటరిగ శత్రువుల గోతిమీదికి దుమికి, వారిని నిర్మూలించి, తిరిగివచ్చుచు గుండు తగిలి మరణించెను. ఆయనకు విక్టోరియా క్రాసు పతకము మరణానంతరము లభించెను. ఇంతకు మూడుదినముల ముందు, ఇంఫాలునకు ఉత్తరమున, జాటు రెజిమెంటునకు చెందిన జమేదారు అబ్దుల్ హఫీజు ఒక కొండను పట్టుకొనుటలో ప్రాణమిచ్చి అదే పతకమును పొందెను.

ఏప్రిలు 18వ తేదీన పంజాబు రెజిమెంటువారు ట్యాంకులతో దారి చీల్చుకొని కొండ చేరిరి. 20వ తేదీన ముట్టడి ననుభవించినవారిని క్రిందికి దింపి, వారి స్థానమున బ్రిటిషు రెండవ డివిజనువారు నిలిచిరి. ముట్టడి తొలగినను యుద్ధము తొలగలేదు. కొండలన్నిటిలోను జపానువారు లోతైన బురుజుగోతులు కట్టుకొనియుండిరి. ఒక్కొక్క గోతికి పదుల ప్రాణములు పోయెను. మే 6వ తేదీన కెప్టెన్ రాండిల్ అట్టి గోతిరంధ్రమును తన దేహముతోనే మూసి చనిపోయెను. ఆయనకును అదే పతకము వచ్చెను. మే 11 మొదలు 13వరకు పంజాబీలు, గూర్ఖాలు, ఆంగ్లసైనికులు కలిసి జైలుకొండను పట్టిరి. ఆ 13వ తేదీననే ఒక ట్యాంకును ఎట్లో కొండమీదికెక్కించి టెన్నిసు ఆటస్థలమునకు దింపి అతి సమీపమునుండి కాల్చి బంగళాను విడిపించిరి.

ఇంతలో వానలు పట్టెను. సాతో సైనికులు గడ్డియు ఆకులును తినుచుండిరి. తనకు వాగ్దానము చేసిన తిండియు మందుగుండును రాలేదని ఆయన పైయధికారికి మరల మరల తెలియజేసెను. నిలిచి పోరాడుమని మాత్రమే జవాబు వచ్చెను. మే 31వ తేదీన ఆయన ఆజ్ఞను ధిక్కరించి సేనను వెనుకకు మరలించెను. ఆకలిగొన్న మనుష్యులను ఊరక చంపుటకు ఆయనకు మనసొప్పలేదు. ఆ నేరమునకు పదవినుండి తొలగింపబడెను. జూన్ 22వ తేదీన కోహిమానుండి వచ్చు దళమును, ఇంఫాలునుండి వచ్చు దళమును 109వ మైలురాయి యొద్ద కలిసికొనుటతో బాట తెరువబడెను.

ఈ దండయాత్రకు వచ్చిన జపానువారు సుమారు 85,000 మంది యని చరిత్రకారుల లెక్క. వారిలో 30,000 మందివరకు తిరిగి పోలేదు. తుపాకిగుండునకు చచ్చినవారికంటె ఆకలిచేతను రోగముచేతను చచ్చినవారే మిక్కిలి. కోహిమాయందు బ్రిటిషు, భారతీయ సేనలలో చనిపోయినవారు, గాయపడినవారు, కానరానివారు కలిసి సుమారు 4,000. గెలిచినవారి త్రోవలో శవములు, ఓడినవారి త్రోవలోను శవములే.

పెద్దలారా! ఇక శ్మశానవాటిక సంగతి. యుద్ధము జరిగిన గారిజను హిల్లు మీదనే, ఆ బంగళాయున్న స్థలముననే దానిని నిర్మించిరి. కొండవాలును మెట్లుమెట్లుగా దిద్ది, పచ్చిక పెంచి, వరుసలలో చిన్న రాతిపీటలు నిలిపి, వానిమీద కంచుపలకలు బిగించిరి. పలకమీద పేరు, హోదా, దళము, మరణదినము, వయస్సు ఉన్నవి. అట్టి సమాధులు 1,420. బంగళా లేదు. కాని టెన్నిసు ఆటస్థలపు గీతలను తెల్లని కాంక్రీటుతో గుర్తు నిలిపిరి. జపాను గురికాడు దాగి కాల్చిన చెర్రీచెట్టు యుద్ధమున నాశనమైనను, దాని మోడునుండి చిగిర్చిన కొమ్మ మరల చెట్టయ్యెను.

ఆ వాటికను కాపాడువారు కామన్వెల్తు యుద్ధసమాధుల సంఘమువారు. 1917లో వేరొక పేరుతో ఏర్పడిన ఆ సంఘమునకు ఒక నియమము కలదు. సమాధులలో హోదాభేదముగాని, మతభేదముగాని పాటింపరాదు. రాయి ఒకే కొలత. సేనాధిపతికిని వంటవానికిని అదే రాయి. విక్టోరియా క్రాసు పొందిన హార్మన్, రాండిల్ ఇరువురి పలకలును మిగిలినవారి నడుమ నున్నవి. వెదకినగాని దొరకవు.

నేను పైకెక్కి పోయితిని. వాటికలో నన్నిటికంటె నున్నతమైన స్థలమున మరియొక కట్టడము కనబడెను. క్రైస్తవులను, మహమ్మదీయులను పూడ్చిరి. కాని హిందువుల, సిక్కుల దేహములను వారి ధర్మము ననుసరించి అగ్నికర్పించిరి. వారికి సమాధి లేదు. అందుచేత 917 మంది పేర్లను ఆ యెత్తైనచోట చెక్కి నిలిపిరి. బూడిద యేటికి పోయినను పేరు రాతిలో నిలిచినది. నేను చాలసేపు నిలిచి చదివితిని. వారెవ్వరును నావారు కారు. అయినను చదివి విడిచిపెట్టుటకు మనసు రాలేదు.

ఆ వాటిక దిగువను బ్రిటిషు రెండవ డివిజనువారి స్మారకముగ నొక నిలువురాయి కలదు. తమ ఇండ్లకు తిరిగిపోవు బాటసారి తమ మాట తమవారికి చేర్చవలెనని మృతులు కోరినట్లు దానిపై వ్రాసియున్నది. ఆ రాతిని అచ్చటికి ఈడ్చితెచ్చినవారు నాగాలు. తమలో గొప్పవారికి నిలువురాళ్లు పాతుట వారి పూర్వాచారము. మన పల్లెలలో వీరగల్లులు చూచినవారికిని, కార్తికమాసమున కారెంపూడిలో పల్నాటివీరుల యుత్సవము చూచినవారికిని ఈ యాచారము క్రొత్తగ తోచదు.

ఇక్కడ నాకు భారతములోని స్త్రీపర్వము జ్ఞప్తికి వచ్చినది. యుద్ధము ముగిసిన పిమ్మట, దిక్కులేక పడియున్నవారి గతియేమని ధృతరాష్ట్రుడు ధర్మరాజు నడుగును. ధర్మరాజు విదురుని, ధౌమ్యుని, సంజయుని పిలిచి, ఏ దేశమునుండి వచ్చినవారైనను, ఏ పక్షమువారైనను, అనాథలుగ నెవ్వరును మిగులరాదని యాజ్ఞాపించును. పిమ్మట గంగయొడ్డున తిలోదకములు విడుచునప్పుడు కుంతి నోరు తెరచి, కర్ణునకును విడువుడు, అతడు మీ యన్నయని చెప్పును. ఎన్నో యేండ్లు దాచిన పేరు ఆ నీటియొద్ద బయటపడెను. బ్రతికియుండగ చెప్పవలసిన మాట చచ్చినపిదప చెప్పినందున ధర్మరాజు పడిన దుఃఖము మీరెరిగినదే. పేరు దాచుట యెంతటి యపచారమో ఆ కథ చెప్పుచున్నది.

కోహిమా కొండమీద పేరున్నవారిని చూచి తృప్తిపడితిని. కాని దిగివచ్చుచు పేరులేనివారిని తలంచుకొంటిని. గాయపడినవారిని వీపున మోసి కొండలు దింపినవారు, శత్రువుల జాడ తెలిపినవారు నాగాపల్లెలవారు. వారి గ్రామములు కాలిపోయెను. వారిలో నెందరు పోయిరో చెప్పు రాతిపలకలు ఆ వాటికలో లేవు. జపానువారిలో వేలకొలదిమంది అడవులలోనే యెముకలైరి. వారికొరకు మణిపురమున ఎర్రకొండ యొద్ద 1994లో జపాను ప్రభుత్వమువారు శాంతిస్మారకమును కట్టించిరి. 2019లో ఆ సమీపముననే శాంతి ప్రదర్శనశాల తెరువబడెను. ఆజాదు హిందు మృతులకొరకు బోసుగారు 1945లో సింగపూరులో స్మారకశిల నిలిపించిరి. ఆ సంవత్సరమే తిరిగివచ్చిన బ్రిటిషువారు దానిని కూల్చిరి. దాని ప్రతిరూపము నేడు మణిపురములోని మొయిరాంగునందున్నది. రాయి కూల్చవచ్చును, జ్ఞాపకము కూలదు.

సమాధుల సంఘమువారి చరిత్రయు మచ్చలేనిది కాదు. మొదటి ప్రపంచయుద్ధమున మరణించిన భారతీయ, ఆఫ్రికా దేశీయ సైనికులలోను కూలీలలోను లక్షకు మించినవారికి పేరుతో స్మారకము లేకపోయెనని 2021లో ఆ సంఘమువారే నివేదిక ప్రకటించి క్షమాపణ కోరిరి. సమానత్వనియమము కాగితముమీద నుండగనే ఇట్లు జరిగెను. శతాబ్దమునకు తరువాతనైనను తప్పు నొప్పుకొనుట మంచిదే. కాని ఆ పేర్ల నెరిగినవారు ఆ లోపల గతించిరి. ఇప్పుడు వెదకినను వానిలో ననేకములు దొరకవు.

పెద్దలారా! మీకు నా మనవి యిదియే. మన గ్రామములలోను యుద్ధములకు పోయి రానివారు, రంగము పోయి రానివారు ఉన్నారు. వారి పేర్లు మీలో కొందరికి మాత్రమే తెలియును. మీ తరువాత అవి యెవ్వరికిని తెలియవు. ఒక పుస్తకము తెచ్చి, ఆ పేరు, తండ్రిపేరు, పోయిన యేడు, పోయినచోటు తెలిసినంతవరకు వ్రాసి గ్రామగ్రంథాలయమునందో, దేవాలయమునందో ఉంచుడు. సైనికుడైనను, మూటలు మోసిన కూలియైనను, ఏ పక్షమున నిలిచినవాడైనను వ్రాయుడు. దానికి పాలరాయి యక్కరలేదు. పిల్లలచేత వ్రాయింపుడు. వ్రాసినవారు మరువరు.

రంగం తాత పోయి చాల యేండ్లైనది. ఆయనకు సంతానము లేదు. కోహిమానుండి వచ్చిన సంవత్సరము మహాలయ అమావాస్యనాడు, నా పితరులకు తర్పణము ముగించిన పిమ్మట, దిక్కులేనివారికొరకు విడుచు నీళ్ల సమయమున ఆ యన్నదమ్ముల పేర్లు రెండును చెప్పితిని. తమ్ముడు పడినచోటు నాకును తెలియదు. ఆ త్రోవ మాత్రము నేను చూచితిని. అంతవరకే చెప్పగలిగితిని.